ఎద్దులు మేసిన కొట్టం

పోయిన వారం బస్సు దిగి వచ్చిన కుర్రాడొకడు నా కొట్టం ముందు నిలబడి, నన్ను వదిలేసి కొట్టం కప్పును తేరిపార చూశాడు. బీమా కంపెనీ కొత్త ఇన్‌స్పెక్టరట. ఇస్త్రీ చొక్కా, చేతిలో తోలుసంచి. మా ఎండ ఇంకా ముట్టని మొహం. చెంబెడు నీళ్ళు తాగి, మూతి తుడుచుకుని అన్నాడు.

"మీకు తెలిసే ఉంటుంది. నాకు ముందు ఇక్కడికి వచ్చే పెద్దాయన పోయారండీ. రిటైరయ్యాక తమ్ముడింట్లో ఉండేవారు. నిద్రలోనే పోయారట."

నాకు తెలియదు. బత్తలపల్లె దగ్గరి పల్లెలో శనక్కాయల వ్యాపారం చేసుకునేవాడికి అలాంటి కబురు ఎవరు పంపుతారు? నేనింకా నోరు తెరవకముందే ఆ అబ్బాయి నవ్వు ఆపుకుంటూ ఇంకో మాట అన్నాడు.

"ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఆయన ఆఫీసులో ఎప్పుడూ ఒక కథ చెప్పేవారు. ఇక్కడేదో ఊళ్ళో ఎద్దులు కొట్టాన్ని తినేశాయనీ, ఎద్దే వచ్చి సాక్ష్యం చెప్పిందనీ. మేమంతా నవ్వేవాళ్ళం. నిజమేనయ్యా అని ఆయన పోట్లాడేవారు. చివరికి ఆఫీసులో ఎవరు కోతలు కోసినా 'ఇదో ఎద్దు సాక్ష్యం' అనడం అలవాటైపోయింది. అది ఆయన సరదాకి కల్పించిందే కదండీ?"

కొట్టం ముందు కాయలు ఒలుస్తున్న ఆడవాళ్ళ చేతులు ఆగిపోయాయి. వాళ్ళ మేస్త్రి మార్తమ్మ తలెత్తి నావైపు చూసింది. ఇప్పుడేం చెబుతావో చెప్పు అన్నట్టుంది ఆ చూపు.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పుకోవాలి. బత్తలపల్లె నుంచి బుక్కరాయసముద్రం దాకా అబద్ధాలకు గుత్తేదారును నేనే. గొప్పకు చెప్పడం లేదు. చిలమత్తూరు సంతలో ఎవడైనా నా బర్రె కడవెడు పాలిస్తుందని కోస్తే, "ఎవరిదప్పా, నారాయణప్ప బర్రెనా?" అని అడుగుతారు. అంత దూరం పాకింది నా కీర్తి. అలాంటి నా నోటి నుంచి ఒకసారి ఒక నిజం జారింది. దాన్ని నమ్మినవాడు ఆ పెద్దాయన ఒక్కడే. నమ్మినందుకు దక్కింది ఇదన్నమాట. జన్మలో ఒక్క అబద్ధం ఆడని మనిషి, ఆఫీసు నిండా అబద్ధాలకోరుగా మిగిలిపోయి కన్నుమూశాడు. ఆ పేరు ఆయనది కాదు, నాది. కష్టపడి సంపాదించుకున్నది. దాన్ని నేను వెనక్కు తెచ్చుకోవాలి, ఆయన పేరు ఆయనకు ఇచ్చేయాలి.

ఆయనను మొదటిసారి చూసిన రోజు బాగా గుర్తుంది. బస్సు దిగుతూనే ఎవరినీ పలకరించలేదు. నేలమీద తన నీడను చూసుకున్నాడు. గడియారంలో ముల్లు తిప్పినట్టు తనను తాను కొంచెం తిప్పుకుని, "ఉత్తరం ఇటు" అని తనకు తానే చెప్పుకున్నాడు. ఆ తర్వాతగానీ మేమున్నామని గమనించలేదు. ఖాకీ టోపీ, నల్ల గొడుగు, చంకలో అట్టపెట్టె. గోదావరి వైపు మనిషి. ప్రతి మాటకూ తోక కట్టినట్టు అండీ. దారిలో కుక్క అడ్డం వస్తే దాన్ని కూడా తప్పుకోండి అన్నాడు. అంటే, దాదాపుగా అన్నాడు.

ఆయన పనేమిటంటే, బీమా అడిగినవాడి గోదాము, కొట్టం, మిల్లు నిజంగా ఎక్కడుందో తేల్చడం. పక్కన ఏముంది, పొయ్యి ఎంత దూరం, బావి ఎంత దూరం, నిప్పంటుకుంటే ఏ గాలికి మంట ఎటు పోతుంది అని చూడటం. అందరు ఇన్‌స్పెక్టర్లూ నేలమీద నడిచి చూస్తారు. ఈయన ముందు పైనుంచి చూసేవాడు. గంజికేంద్రాలు నడిచిన కరువులో సర్కారువారు చెరువుల సర్వే కోసం విమానం మీంచి మా సీమంతా ఫోటోలు తీయించారట. యుద్ధం రోజుల్లో ఈయన విమానదళంలో అలాంటి ఫోటోలే చూసే పనిలో ఉన్నాడట. అందరికీ ఇచ్చే సరుకు కాదది. మీ కంపెనీవాళ్ళు ఎట్ల సంపాదించినారు సార్ అని నేను అడిగినప్పుడల్లా ఆయన టోపీ సర్దుకుని, "ఎండగా ఉందండీ" అనేవాడు. చెప్పకూడని మాట వచ్చినప్పుడల్లా ఆయన జవాబు అదే. అబద్ధం చేతకాని మనిషికి అంతకంటే దారేముంది?

నా కొట్టం దగ్గరికి రాగానే రాతిగోడ మీద చెయ్యివేసి, పాత స్నేహితుడి వీపు తట్టినట్టు తట్టాడు.

"నీ నెత్తి నాకు తెలుసు, మొహమే ఇప్పుడు చూస్తున్నాను" అన్నాడు గోడతో.

ఈ సంగతి సాయంత్రానికి ఊరంతా పాకింది. మావైపు మబ్బును మోడం అంటాం. మోడం మీద కూర్చుని చూసే మనిషి కాబట్టి ఆయనకు మోడాల సారు అని పేరు పడింది. ఆ పేరు పడ్డాక ముసలి రైతులు ఊరుకుంటారా? ఆయన ఎప్పుడొచ్చినా రచ్చకట్ట దగ్గర ఆపి అడిగేవాళ్ళు.

"సార్, పైనుంచి సూసినారు గదా, వాన యాడుండాది?"

"ఫోటోలో కనపడలేదండీ."

"ఇంగొక తూరి బాగా సూడండి సార్. మూలన యాడన్నా ఉంటాదేమో."

ఆయన నిజంగానే పెట్టె తెరిచి ఇంకోసారి చూసి, "లేదండీ, క్షమించాలి" అనేవాడు.

నా కొట్టం కథకు వస్తాను. మా నాయన కట్టింది. రాతిగోడలు, పైన చొప్ప, బోదగడ్డి కప్పు. మావైపు గడ్డికప్పు ఉంటే చాలు, ఇల్లయినా గోదామైనా కొట్టమే. చుట్టుపక్కల రైతుల దగ్గర కాయలు కొని అందులో పోసి, మార్తమ్మ గుంపు చేత ఒలిపించి, పప్పులు ధర్మవరం నూనెమిల్లుకు తోలడం నా బతుకు. కాయలు కొనడానికి బ్యాంకు అప్పు కావాలి, బ్యాంకుకు బీమా కావాలి. దరఖాస్తు పెట్టాను. ఆ దరఖాస్తు మీదే ఆయన వచ్చింది.

ఆరోజు ఆయన వెనకాల నేను, మార్తమ్మ, ఆమె వెనక కాయలు ఒలిచేవాళ్ళు. పిలవకపోయినా బజారు నుంచి శెట్టి కూడా వచ్చాడు. ఆయనదీ కాయల వ్యాపారమే. నా దరఖాస్తు ఏమవుతుందోనని నాకంటే ఆయనకు ఎక్కువ ఆత్రం.

మోడాల సారు చుట్టూ చూసి, "ఇక్కడొక చింతచెట్టు ఉండాలే?" అన్నాడు.

"ఉన్నింది సార్. కరువులో కొట్టి బొగ్గులకు అమ్ముకొంటిమి" అంది మార్తమ్మ.

"అక్కడ బావి?"

"బావి ఉండాది సార్, నీళ్ళే లేవు" అన్నాను నేను.

"నీళ్ళు లేనిదాన్ని బావి అని రాయలేనండీ. గొయ్యి అని రాస్తాను."

మనిషి మరీ బిగుసుకుని ఉన్నాడు, కొంచెం వదులు చేద్దామని నేను నా సరుకు బయటికి తీశాను. "సార్, మా ఊరి ఎండ మీకు తెలీదు. పోయినేడు పడమటి చేన్లో కాయలు భూమిలోనే వేగిపోయినాయి. పెరికేది, ఉప్పు సల్లుకునేది, తినేది. కూలోళ్ళు సగం చేను ఆడనే తినేసినారు."

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. పెన్సిలు తీసి, "ఏ చేనండీ? చూపిస్తారా?" అన్నాడు. "భూమిలో అంత వేడి ఉంటే అది అగ్నిప్రమాదం కిందికి వస్తుంది. ప్రీమియం పెరుగుతుంది."

నా జన్మలో నా అబద్ధం నా గొంతులో ఇరుక్కున్నది అదే మొదటిసారి. ఈ మనిషికి వేళాకోళం తెలియదా, లేక నాకంటే పెద్ద ఘటమా అన్నది నాకు చివరిదాకా తేలలేదు.

అప్పుడాయన అసలు సంగతి విప్పాడు. గొంతు పెంచలేదు, ముఖం చిట్లించలేదు. ఆ కరువునాటి ఫోటోలో నా కొట్టానికి కప్పు లేదు. ఊళ్ళో మట్టిమిద్దెలు బాగానే ఉన్నాయి గానీ, కొట్టాలు వేటికీ కప్పులు లేవు, బోడిగోడలే. పైగా కప్పులేని ప్రతి కొట్టంలో ఒక మూల నల్లటి మచ్చ. మద్రాసు ఆఫీసులో అందరూ చూసి తేల్చారు. ఇది కాలిన మచ్చ, ఈ ఊరు ఒకసారి తగలబడింది అని. నేనేమో దరఖాస్తులో ఇంతవరకు ఇక్కడ నిప్పు ప్రమాదం జరగలేదని రాశాను. కాలిన గోడల మీద కొత్త కప్పు వేసి, బీమా చేయించి, ఇంకోసారి కాల్చుకునే పెద్దమనుషులను ఆ ఆఫీసు చాలామందిని చూసిందట.

"కాలలేదు సార్" అన్నాను.

"మరి కప్పులేమయ్యాయండీ?"

"ఎద్దులు మేసినాయి సార్."

శెట్టి పొట్ట పట్టుకుని నవ్వాడు. "సార్, ఈయప్ప మాటలు రాసుకోవాకండి. మొన్న ఇట్లే, చిత్రావతి ఇసుకలో చేపలు నడిసిపోతా సెప్పులు అడిగినాయని చెప్పినాడు!"

చెప్పాను. కాదనను. కానీ ఇది చేపల కథ కాదు. ఆ కరువులో పశువులకు గడ్డిపోచ లేదు. ఊరంతా తమ నెత్తిమీది కప్పులు తామే పీకి ఎద్దులకు వేశారు. ఇల్లు మళ్ళీ కప్పుకోవచ్చు, ఎద్దు పోతే దేంతో దున్నేది? ఇంత సంగతినీ నేను గుక్క తిప్పుకోకుండా చెప్పాను. చెబుతుంటే నాకే అబద్ధంలా వినబడింది. అలవాటైన గొంతు కదా! నిజాన్ని కూడా అదే రాగంలో పాడింది.

మార్తమ్మ ముందుకొచ్చింది. "ఈసారి నిజమే సార్. మా ఎద్దులు తినింది మేమే చూసినాం."

"మీరు ఈయన దగ్గర పనిచేస్తారు కదమ్మా" అన్నాడాయన నెమ్మదిగా.

"అవును సార్. పని ఉంటేనే చేస్తాం. మీరు బీమా లేదంటే ఈడ కాయ దిగదు. కాయ దిగకుంటే మేమంతా బెంగుళూరికి రాళ్ళు మోసేకి పోవాల. పిల్లోళ్ళను ఎత్తుకొని. మీరే చూడండి ఏం రాస్తారో."

శెట్టి పొట్టమీంచి చేతులు తీసి కండువా సర్దుకున్నాడు.

ఆయన గోడనీడలో చాపరాయి మీద కూర్చుని పెట్టె తెరిచాడు. ఒకదాని వెంట ఒకటి తీసిన మా ఊరి ఫోటోలు రెండు పక్కపక్కన పరిచాడు. చొక్కా జేబులోంచి నాలుగు శనక్కాయలు తీసి, గాలికి లేవకుండా మూలల మీద పెట్టాడు. ఆ కాయలు ఎప్పుడూ ఆయన జేబులోనే ఉండేవి. పాతబడి కంకర్రాళ్ళలా అయినా తినేవాడు కాదు. ఫోటోల పైన కళ్ళజోడు లాంటి, కాళ్ళున్న చిన్న అద్దం ఒకటి నిలబెట్టి, రెండు కళ్ళూ దానికి ఆనించి చూడసాగాడు. ఆడవాళ్ళు తిరిగి కాయలు ఒలవడం మొదలుపెట్టారు. ఆయన చూస్తూనే ఉన్నాడు.

"మీ కొట్టానికి దారి తెల్లగా ఉందండీ" అన్నాడు చివరికి, అద్దంలోంచి కళ్ళు తీయకుండా. "కాళ్ళు నడిస్తేనే దారి తెల్లబడుతుంది. పాడుబడ్డ చోటికి దారి మాసిపోతుంది. ఇదొకటి. ఇంకొకటి, నాకు ఆఫీసులోనే అనుమానం వచ్చింది. నల్లమచ్చ అన్ని కొట్టాల్లోనూ ఒకే మూల ఉంది. అన్నిటికీ ఆగ్నేయమే. నిప్పుకు అంత క్రమశిక్షణ ఉండదండీ."

ఆ ఒక్క అనుమానం కోసం ఆ మనిషి మద్రాసు నుంచి వచ్చాడు. కుదరదని ఒక కార్డు ముక్క రాసి పడేస్తే సరిపోయేది. ఆయన జీతం ఆయనకు వచ్చేది.

"ఆగ్నేయం మూల ఏముంటుందమ్మా?" అని మార్తమ్మను అడిగాడు.

"పొయ్యి ఉంటాది సార్. ఇంగేముంటాది?"

"మీరు క్రైస్తవులు కదా, మీకూ వాస్తు పట్టింపేనా?"

"ఏసయ్య వద్దనలేదు సార్. పడమటి గాలికి పొగ ఆ మూలనుంచి బయటికి పోతాది. వేరే మూల పెడితే ఇంట్లో మేముండాల్నా, పొగ ఉండాల్నా?"

"మరి కాలకుండా నల్లగా ఎలా ఉంది?"

మార్తమ్మ చేతిలో కాయలు బుట్టలో పడేసి లేచింది. "రాండి సార్. చూపిస్తా."

అందరం ఆమె కొట్టానికి పోయాం. లోపలికి వంగి దూరాం. ఆమె పొయ్యి పైన వేలు చూపింది. కప్పంతా కొత్తది, పచ్చగా ఉంది. పొయ్యి మీది మూల మాత్రం పాతది. పొగ తాగి తాగి తారు పూసినట్టు నల్లగా బిగిసిపోయింది.

"ఆ కరువులో అంతా పీకినాం సార్. ఈ మూల గడ్డి వేస్తే ఎద్దు వాసన సూసి మూతి తిప్పుకొనె. చేదు గదా. దాన్నేం చేస్తాం, అట్లే ఇడిసిపెట్టినాం. అందరి ఇండ్లల్లో అంతే. మళ్ళా కప్పేటప్పుడు కూడా దాన్ని తీయలేదు. వాన ఎప్పుడన్నా వస్తే అది కారదు."

ఆయన పైకి చూస్తూ ఉండిపోయాడు. మార్తమ్మ ఇంకో మాట అంది. "కాలింది కొట్టాలు కాదు సార్, మా కడుపులు."

నా కొట్టంలో కూడా మా నాయన కాలంలో ఆ మూలనే ఆముదాలు వండేవారు. అందుకే దానికీ మచ్చ. ఇప్పుడు పొయ్యి లేదు. ఆ సంగతి ఆయన రెండుసార్లు అడిగి, నేల తడిమి చూసి మరీ నమ్మాడు.

అయినా ఆయన చూపు ఇంకా ఏదో వెతుకుతోంది. చెయ్యి చాచి ఆ నల్లమూల నుంచి పిడికెడు గడ్డి లాగాడు. బయటికొచ్చి చూరు నుంచి పిడికెడు కొత్త గడ్డి లాగాడు. "ఎద్దు ఉందాండీ?" అన్నాడు.

మా పుల్లెద్దు చెట్టుకింద నెమరు వేస్తోంది. కరువు దాటి వచ్చిన ఎద్దు, మా కొట్టం కప్పులో సగం దాని పొట్టలోకే పోయింది. ఆయన టోపీ తీసి చంకలో పెట్టుకుని, కోర్టులో జడ్జి ముందు నిలబడ్డవాడిలా దాని ముందు నిలబడి, నల్లగడ్డి చాచాడు. పుల్లెద్దు మూచూసింది. తుమ్మింది. మూతి పక్కకు తిప్పుకుంది. అప్పుడు కొత్తగడ్డి చాచాడు. అది నాలుక చాపి ఒక్క చుట్టు చుట్టి లాక్కుంది. అక్కడితో ఆగిందా? వాసన పట్టుకుని ఆయన్ను తోసుకుంటూ మార్తమ్మ చూరు దాకా పోయి, ఇంత వెడల్పున కప్పు పీకి నమలసాగింది. మార్తమ్మ చీపురు తీసుకుని వెంటపడింది.

"సార్, మీ సాక్షి నా ఇల్లు తింటాండాది! రాసుకొన్న కాడికి చాలు, పట్టుకోండి!"

"ఒక్క నిమిషమమ్మా, పూర్తిగా చెప్పనివ్వండి" అన్నాడాయన.

ఆ మాటకు శెట్టి కూడా నవ్వాడు. ఈసారి నా మీద కాదు.

ఆయన అక్కడే నిలబడి ఇంగ్లీషులో రాసి, మాకు తెలుగులో చదివి వినిపించాడు. కప్పులు కాలలేదు, కరువులో పశువుల మేతకు పోయాయి. నల్లమచ్చలు పొయ్యిపొగవి. పొగపట్టిన గడ్డిని పశువు ముట్టదని తన ఎదుటే రుజువైంది. ఇంతే. పొగడ్త లేదు, జాలి లేదు.

పోయేముందు ఆయన నన్ను పిలిచి అద్దంలో చూడమన్నాడు. ఎడమకన్ను ఒక ఫోటోను, కుడికన్ను ఇంకోదాన్ని చూస్తుందట. మొదట రెండు ఊళ్ళు కనపడ్డాయి. కాసేపటికి రెండూ ఒకదానిలోకి ఒకటి జారి, ఉన్నట్టుండి గుట్టలు లేచి నిలబడ్డాయి, వంకలు లోతుకు పోయాయి. మా కొట్టం గోడలు నా కంటికి గుచ్చుకునేటట్టు పైకి వచ్చాయి. ఆ గోడ పక్కన చిన్న చుక్క ఉంది. చుక్కకు నీడ ఉంది.

ఆ కరువులో మా నాయన రోజంతా ఆ గోడవార కూర్చుని ఎద్దును కాచుకునేవాడు. తన ముద్దలో సగం దానికి పెట్టేవాడు. వానలు పడక ముందే పోయాడు. మా ఇంట్లో ఆయన ఫోటో అనేదే లేదు.

"సార్, ఇది మా నాయన" అన్నాను.

ఆయన వంగి చూశాడు. "చుక్కండీ. మనిషని నేను రాయలేను" అన్నాడు. అద్దం తీసుకోబోయి, చెయ్యి వెనక్కు లాక్కున్నాడు. "ఇంకాసేపు చూడండి. బస్సుకు టైముంది."

బస్సుకు టైము లేదు. ఆ బస్సు పోయింది. ఆయన దాని తర్వాతి బస్సు ఎక్కాడు.

బీమా వచ్చింది. కాయలు దిగాయి. మార్తమ్మ గుంపులో ఒక్కరూ ఆ ఏడు బెంగుళూరు పోలేదు. ఆ తర్వాత ఏటా ఆయన వచ్చేవాడు. దిగగానే నీడ చూసుకునేవాడు, గోడ తట్టేవాడు. నేను ఏడాదంతా దాచిన కొత్త అబద్ధం చెప్పేవాణ్ణి. ఈసారి గాలికి మా ఊరి పొలిమేర రాయి పక్కూళ్ళో పడింది సార్ అంటే, "ఏ దిక్కు గాలండీ? రాయి బరువెంత?" అని వివరం అడిగేవాడు. ఒకసారి నేను ఆయన కాయల్లో ఒకటి ఒలుచుకోబోతే చెయ్యి పట్టుకుని, "సాక్షులను తినకూడదండీ" అన్నాడు. పని అయ్యాక, అడగకుండానే, ఆ పాత ఫోటోలు రెండూ పరిచి, కాయలు పెట్టి, అద్దం నావైపు జరిపి, తాను గొడుగు వేసుకుని వంకవైపు పోయేవాడు. ఏటా ఒకసారి నేను మా నాయనను చూసుకునేవాణ్ణి. దానికి ఆయన ఒక్కమాట అనలేదు, నేనూ అనలేదు. రాసేటప్పుడు మాత్రం అది చుక్కే.

మరుసటి ఏడు వచ్చినప్పుడు అడిగాను. "ఎద్దు సాక్ష్యం సూసి మీ ఆఫీసులో ఏమనిరి సార్?"

ఆయన టోపీ సర్దుకున్నాడు. "ఎండగా ఉందండీ" అన్నాడు.

మళ్ళీ కరువు వచ్చిన ఏడు కూడా ఆయన వచ్చాడు. కొట్టంలో కాయ లేదు. పశువుల డొక్కలు లెక్కపెట్టొచ్చు. నేను తల గోక్కుంటూ, "సార్, కప్పు పీకితే బీమా పోతాదా?" అన్నాను. రూలు ప్రకారం నన్ను మందలించాలి. ఆయన కొట్టంలోకి తొంగిచూసి, "సరుకు లేని కొట్టంలో కాలడానికేముందండీ? పీకండి" అన్నాడు. నిచ్చెన ఎక్కినవాడు నేను కాదు, ఆయనే. ఖాకీ టోపీతో పైన నిలబడి కట్టలు కట్టలుగా కిందికి వేస్తూ, "ఆ మూల కూడా తీయొచ్చండీ, ఇప్పుడక్కడ పొగ లేదు, కొత్తగడ్డే" అని అరిచాడు. ఆ ఏటి రిపోర్టులో ఏం రాశాడో చదివి వినిపించాడు. కప్పు ప్రస్తుతం పశువుల కడుపులో ఉంది, వానలు పడ్డాక తిరిగి వస్తుంది. ఆయన వేసిన ఒకే ఒక్క జోకు అది. నేను వేయాల్సింది ఆయన వేశాడని నాకు అసూయ కూడా కలిగింది.

ఇంతటి మనిషి ఆఫీసులో నవ్వులపాలయ్యాడని ఆ కుర్రాడు చెప్పాకగానీ నాకు తెలియలేదు. ఆ ఎండ ఎంత ఎండో అప్పుడర్థమైంది.

"కల్పించిందే కదండీ?" అని కుర్రాడు మళ్ళీ అడిగాడు.

నోరు తెరిచాను. ఎంత ముద్దుగా చెప్పగలను! పుల్లెద్దు గొంతు సవరించుకున్న తీరు, ప్రమాణం చేసిన తీరు, అన్నీ నాలుక చివర వరుసగా నిలబడి ఉన్నాయి. కానీ నేను చెబితే ఏమవుతుంది? నారాయణప్ప చెప్పాడంటారు. ఆయన పేరు ఇంకాస్త మునుగుతుంది. నోరు మూసుకున్నాను.

మార్తమ్మకు అర్థమైంది. ముసలిదైంది, మోకాళ్ళు పట్టుకుని లేచింది. "రాప్పా, నాయనా. చూపిస్తా" అంది.

అదే కొట్టం. అదే పొయ్యి. రెండో కరువులోనూ ఎద్దులు వద్దన్న మూల, ఇంకా నల్లబడి, అలాగే ఉంది. కుర్రాడు పైకి చూశాడు. చొక్కాకు మసి అంటుతుందని కాసేపు వెనకాడి, తర్వాత చెయ్యి చాచి పిడికెడు లాగాడు. వాసన చూసి మొహం చిట్లించాడు. ఎవరూ చెప్పకుండానే బయటికొచ్చి చూరు నుంచి ఇంకో పిడికెడు లాగాడు. పుల్లెద్దు లేదు. దాని చోటికి వచ్చినది ఉంది. వయసులో ఉన్న ఎద్దు, కుర్రాడికి భయం. చెయ్యి దూరంగా చాచి నల్లగడ్డి చూపాడు.

ఎద్దు మూచూసింది. మూతి పక్కకు తిప్పుకుంది.

కొత్తగడ్డి చూపాడు. మణికట్టు దాకా నాకి లాక్కుంది.

కుర్రాడు ఖాళీ చెయ్యి అలాగే చాచి నిలబడ్డాడు. చేతినిండా మసి, ఎద్దు చొంగ. తుడుచుకోలేదు. "మేం ఎంత నవ్వామండీ ఆయన్ని చూసి" అన్నాడు, మాలో ఎవరితోనూ కాకుండా. కాసేపటికి, "ఆ పాత ఫోటోలు ఆఫీసులో నా బీరువాలోనే ఉన్నాయి. వచ్చేటప్పుడు తెస్తాను. అద్దం కూడా" అన్నాడు. ఇంకాసేపటికి, "ఆఫీసులో అందరికీ చెబుతాను" అన్నాడు.

"నిన్నూ నవ్వుతారు నాయనా" అంది మార్తమ్మ.

"నవ్వనివ్వండి."

బస్సు దాకా నేనే సాగనంపాను. దారంతా నేను మాట్లాడకపోవడం అతనికి వింతగా ఉన్నట్టుంది. నా గురించి ఏమేమో విని వచ్చాడు కదా!

"మీరు పెద్ద కథలు చెబుతారని పెద్దాయన అనేవారు. ఈరోజు ఒక్కటీ చెప్పలేదేంటండీ?" అన్నాడు.

నేను తలగుడ్డ సర్దుకున్నాను.

"ఎండగా ఉండాది నాయనా" అన్నాను.